బీరువా తాళం గురించి ఒక మాట

ప్రాథమిక బడుల తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారులందరికీ,

నమస్కారమండీ.

నేను 1989లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి 2024లో రిటైరయ్యాను. ముప్ఫై అయిదేళ్ళూ గుంటూరు జిల్లా బడుల్లోనే. ఇప్పుడు బ్రాడీపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. సర్వీసులో ఉండగా ఈ ఉత్తరం రాసే ధైర్యం లేకపోయింది. పెన్షను ఖాయమయ్యాక వచ్చిన ధైర్యం అని మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను, ఉన్న మాటే.

మీరు బడికి వస్తే ఏమేం చూస్తారో మాకు కంఠతా వచ్చు. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, దిద్దిన నోటుపుస్తకాలు, సిలబస్ ఎందాకా వచ్చింది, యాప్‌లో ఏది ఎక్కింది, ఏది ఎక్కలేదు. మధ్యలో కొన్నేళ్ళు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీశాం. మీరు అడిగేవన్నీ సిద్ధంగా ఉంచుతాం, అడగనిది పక్కన పెడతాం. బద్ధకమనుకోకండి. అయిదు తరగతులకి ఇద్దరు టీచర్లుండే బడిలో, అందులో ఒకరు ట్రైనింగుకి వెళ్ళిన రోజున, అడగని పని చేసే తీరిక ఎవరికుంటుంది? మూడు, నాలుగు, అయిదు తరగతుల పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో పిల్లలు చేత్తో ఏం చేశారని నన్ను ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. కాదు, తప్పు చెప్పాను. ఒకాయన అడిగారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ముందు బీరువా.

నేను పనిచేసిన ఒక బడిలో ఆకుపచ్చ ఇనప బీరువా ఉండేది. పై అరలో రికార్డులు, కింది అరలో సైన్సు పెట్టె. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చిన దగ్గర్నుంచీ మన చిన్నబడులకి ఇలాంటి సామాను ఏదో ఒక పథకం కింద వస్తూనే ఉంది. పథకం పేరు మారినప్పుడల్లా కొత్త పెట్టె వస్తుంది, దాన్ని పాత పెట్టె మీద పెడతాం. ఆ పెట్టెలో భూతద్దాలకి చుట్టిన కాగితం కూడా విప్పలేదు. కారణం విన్నాక నాకు కోపం రాలేదు. అంతకుముందున్న హెడ్మాస్టరు గారు రిటైరవుతూ ఛార్జి అప్పగించేటప్పుడు స్టాకు రిజిస్టరులో రెండు భూతద్దాలు, ఒక థర్మామీటరు తక్కువొచ్చాయి. పిల్లల చేతుల్లో పగిలిపోయినవి. ఆయన సొంత డబ్బు కట్టి, బాకీ ఏమీ లేదనే 'నో డ్యూస్' కాగితం కోసం మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగారు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు అది చూసి పెట్టెకి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు.

"వాడితే పగులుతాయండీ సార్, అందుకేగా ఇచ్చింది" అన్నాను.

"పగిలితే నీ జీతంలోంచి కడతావా అమ్మా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మీ దగ్గర ఉంది. స్టాకు రిజిస్టరులో 'వాడకంలో పగిలినవి' అని ఒక గడి పెట్టించండి. హెడ్మాస్టరు సంతకంతో అక్కడికక్కడే కొట్టేసే అధికారం ఇవ్వండి. రిజిస్టరులోంచి కొట్టేయడమండీ, ఇంటికి కొట్టేయడం కాదు. ఆ గడి మూడేళ్ళు ఖాళీగా ఉన్న బడిలో అప్పుడు ఆగి, ఎందుకు పగల్లేదని అడగండి.

తొంభైల మొదట్లో పనిచేసినవాళ్ళకి ఏపీపెప్ గుర్తుండే ఉంటుంది. బ్రిటిష్ వాళ్ళ సాయంతో నడిచిన ప్రాథమిక విద్య ప్రాజెక్టు. అప్పట్లో ఆ ట్రైనింగుకి వెళ్ళని టీచరు లేరు. ఆరు సూత్రాలు నేర్పించారు. చేసి, వెతికి, ప్రయోగం చేసి నేర్చుకోవడం అందులో ఒకటి. చుట్టుపక్కల ఉన్నవాటినే పాఠానికి వాడుకోవడం ఇంకొకటి. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం మరొకటి. ఆ ఆరూ మేం బట్టీపట్టాం. చేసి నేర్చుకోమనే సూత్రాన్ని బట్టీపట్టడమేమిటో అప్పుడు తోచలేదు! ఆ ట్రైనింగు నా ఉద్యోగానికి ప్రాణం పోసింది, అబద్ధం చెప్పను. కానీ తనిఖీలు మొదలయ్యాక జరిగింది చూడండి. గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో చూడగలిగేది ఆ ప్రదర్శన ఒక్కటే. దాంతో ప్రతి గదిలో దండేలు వెలిశాయి. బొమ్మలు, ఆకులు, రంగు కాగితాలు వేలాడదీశాం. ఒకే ఆకు మూడేళ్ళు వేలాడిన గదిని నేనెరుగుదును. మిగతా సూత్రాలు గుమ్మంలోంచి కనపడవు కదా, అవి మెల్లగా జారిపోయాయి. ప్రాజెక్టు ముగిశాక దండేలు కూడా తెగిపోయాయి.

ఇక పెట్టె లేకుండా, దండెం లేకుండా ఏం జరుగుతుందో చెప్తాను. తాడేపల్లి వైపు, కృష్ణ ఒడ్డున ఒక బడిలో ఉన్నాను అప్పుడు. 2016 ఆగస్టులో పుష్కరాలు ముగిసి కొద్దిరోజులే అయింది. నాలుగో తరగతిలో అయస్కాంతం గురించి చెప్తున్నాను. బోర్డు మీద 'అయస్కాంతం ఇనుమును ఆకర్షిస్తుంది' అని రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "టీచర్, డబ్బుల్ని కూడా ఆకర్షిస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు వాడు వాళ్ళ మామయ్య అయస్కాంతం పట్టుకొచ్చాడు. పాత స్పీకరులోంచి ఊడదీసింది, గుండ్రంగా, అరచేయంత. మధ్య బెజ్జంలోంచి నైలాన్ తాడు. భక్తులు నీళ్ళలో వేసిన చిల్లరని ఘాట్ల దగ్గర వాళ్ళ మామయ్య దాంతో పైకి తీస్తాడట.

నా పర్సులో ఉన్న చిల్లరంతా బల్ల మీద పోశాను. రూపాయి అంటుకుంది, రెండు రూపాయలు అంటుకుంది. పచ్చటి అయిదు రూపాయల బిళ్ళ అంటుకోలేదు. "తెల్లవి అంటుకుంటాయి, పచ్చవి అంటుకోవు" అని తీర్మానం చేశారు. సరే రాయండి అన్నాను. రాశారు. ఇంతలో ఒకమ్మాయి మందంగా ఉండే పాత అయిదు రూపాయల బిళ్ళ తెచ్చింది, తెల్లదే. అది అంటుకోలేదు. అదే తెల్లరంగులో పల్చటి అయిదు రూపాయల బిళ్ళ ఉంటుంది చూడండి, అది మాత్రం అంటుకుంది. తీర్మానం కొట్టేసి మళ్ళీ మొదలు. మధ్యాహ్నానికి భోజనం పళ్ళేలు, గ్లాసులు, తాళాలు, జడపిన్నులు, వంటామె గరిటె అన్నీ అయిపోయాయి. స్టీలు రూపాయి అంటుకుని స్టీలు గ్లాసు ఎందుకు అంటుకోలేదని అడిగారు. నాకు తెలీదన్నాను. టీచరుకి తెలీని సంగతి ఉంటుందని ఆ పిల్లలకి ఆరోజే తెలిసిందనుకుంటాను, ఒకడు మరీ సంతోషపడ్డాడు. సాయంత్రం హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారికి ఫోన్ చేశాను. స్టీలు అంటే ఒకటే రకం కాదనీ, గిన్నెలకి వాడే నికెల్ కలిపిన స్టీలు మామూలుగా అయస్కాంతానికి అంటుకోదనీ, మందపాటి పాత అయిదు రూపాయల్లో ఉన్నది రాగీ నికెలూ అనీ ఆయన చెప్పారు. యాభై నాలుగేళ్ళ వయసులో నాకది కొత్త సంగతి. నదిలో లోతుకి దిగొద్దని పిల్లలకి పదిసార్లు చెప్పాను, అది వేరే విషయం.

వారంలోపు తనిఖీ వచ్చింది. నోటుపుస్తకంలో 'తెల్లవి అంటుకుంటాయి' అని ఉంది. దాని కింద కొట్టివేత, దాని కింద ఇంకో ఊహ, అదీ సగం తప్పే. నేను ఎర్రసిరా పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. 'నోటుపుస్తకాలు సరిగా దిద్దలేదు' అని విజిటర్స్ బుక్‌లో రాసి వెళ్ళారు. ఆ మరుసటి నెల నుంచి నేను కూడా బోర్డు మీద సరైన వాక్యం రాసి, చూసి రాయించాను. అందరి పుస్తకాల్లోనూ ఒకే వాక్యం, ఒకే చోట కామా. తర్వాతి తనిఖీలో 'బాగుంది' అని వచ్చింది. ఇందులో నా పిరికితనం వాటా కూడా ఉందని తెలుసు.

మీలో చాలామంది కూడా ఒకప్పుడు టీచర్లే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 29వ సెక్షనులో పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనే ఉంది. మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులని ఒక భాగం పెట్టిందీ అందుకే. అది ఏమైందో అరండల్‌పేటలో ఏ జెరాక్స్ షాపులో నిలబడినా తెలుస్తుంది. 'నీటి వనరులు' అని నోరు తెరిస్తే చాలు, ముందే తీసిపెట్టిన నాలుగు రంగు కాగితాలు చేతికొస్తాయి, అట్టతో సహా. పిల్లవాడు పేరు రాసుకోవడమే తరువాయి. ఫిబ్రవరి 28, సైన్సు దినోత్సవం వస్తే థర్మాకోల్ అగ్నిపర్వతాలు వరసగా పేలతాయి. మన జిల్లాలో అగ్నిపర్వతం ఎక్కడుందో నాకైతే తెలీదు. ఉన్నది మిర్చి యార్డు.

మిర్చి మాటొచ్చింది కాబట్టి నా తప్పొకటి చెప్పాలి. టౌన్లో ఒక బడిలో పిల్లల అమ్మలు చాలామంది కాయల ముచ్చికలు తీసే పనికి వెళ్ళేవారు. ఏది నీళ్ళలో కరుగుతుంది, ఏది కరగదు అనే పాఠానికి ఉప్పు, పంచదార, ఇసకతో పాటు ఎండుమిర్చి కూడా పెట్టాను. ఒక చిన్నది ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంది. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నీళ్ళతో ఎంత కడిగినా చేతుల మంట తగ్గలేదు. పక్కనున్న పిల్ల అంది: "టీచర్, మా అమ్మ ముందు కొబ్బరినూనె రాసుకుని అప్పుడు సబ్బుతో కడుక్కుంటుంది." చేతులకి అలాగే చేశాం, మంట తగ్గింది. కళ్ళని మంచినీళ్ళతో కడుగుతూనే ఉన్నాం. మిరపలో ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు. నేను నేర్పాలనుకున్న పాఠాన్ని యార్డులో కూలికి వెళ్ళే తల్లి ఎప్పుడో చేసి చూసింది. మర్నాడు కళ్ళు మండిన పిల్ల తండ్రి బడికొచ్చి నన్ను నాలుగు మాటలన్నాడు. పడ్డాను, తప్పు నాదే, ముందే చెప్పి చేతులు దూరంగా పెట్టించాల్సింది. అప్పుడు మీలో ఒకరు నా పక్కన నిలబడి ఉంటే ఇంకోసారి చేసేదాన్ని. సంజాయిషీ అడిగారు. ఇంకోసారి చేయలేదు.

ఏ పెట్టే అక్కర్లేని పని ఒకటుంది, రేపు మీరు వెళ్ళే బడిలోనైనా చేయించవచ్చు. ఒక మీటరు కర్ర, సుద్దముక్క. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచీ శనివారం శనివారం మిట్టమధ్యాహ్నం ఆ కర్ర నీడ కొలిపించండి. మిట్టమధ్యాహ్నానికి నీడ ఉండదని మనందరం అనేస్తాం. గుంటూరులో, విజయవాడలో అది ఏడాదికి రెండుసార్లే నిజం. మే మొదటి వారంలో ఒకసారి, అప్పుడు బళ్ళకి సెలవులు. ఆగస్టు 7 ప్రాంతంలో రెండోసారి, మన గడియారం ప్రకారం పన్నెండుంబావుకి కాస్త అటూఇటూగా. జూన్‌లో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, జానెడు కూడా ఉండదు. ఆగస్టు రెండో వారం దాటాక ఉత్తరానికి తిరుగుతుంది. డిసెంబరు మూడో వారానికి అదే కర్రకి 80 సెంటీమీటర్లు దాటుతుంది. నీడ వైపు మారిందని మొదట కనిపెట్టింది లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే పిల్లవాడు. వాడు చెప్తే నేను నమ్మలేదు, వాడి చేతిలో స్కేలు లాక్కుని చూశాను. మొదటి ఏడాది ఆగస్టు 7న మబ్బు. రెండో ఏడాదీ మబ్బే. మూడో ఏడాది పన్నెండూ పదికి మబ్బు విచ్చుకుంది. అప్పటికే భోజనం బెల్లు కొట్టారు. ఒక్క పిల్ల కూడా పళ్ళెం పట్టుకుని లైన్లోకి వెళ్ళలేదు, వంటామె కూడా గరిటె పట్టుకుని వచ్చి కర్ర దగ్గర నిలబడింది. పిల్లల్ని ఎండలో నిలబెట్టానని సాయంత్రానికి ఒక ఫిర్యాదు కూడా వచ్చిందనుకోండి.

ఇలాంటివాటికి నలభై నిమిషాల పీరియడ్ చాలదు. గిన్నెలు సర్దేసరికే బెల్లు కొడతారు. వారానికి ఒక్కరోజు రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి. 2021లో నిపుణ్ భారత్ వచ్చాక చదవడం, లెక్కల మీద పట్టు పెరగాలని మీరు పడే ఆరాటం అర్థమవుతుంది, నేను దానికి వ్యతిరేకిని కాను. నీడ కొలిచి పట్టికలో రాసి, పోయిన వారం కంటే ఎంత తగ్గిందో తీసివేసి చూడటంలో ఆ రెండూ ఉన్నాయి కదా. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో ఉండే బడికి ఇది మరీ అనువు. పుస్తకాలు మూడైనా కర్ర ఒకటే.

చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే కాంప్లెక్సు మీటింగుల గురించి ఎక్కువ చెప్పను. సర్క్యులర్లు చదివి వినిపించడం, టీ, సంతకాలు. అందులో ఒక గంట టీచర్ల చేత చేయించండి. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్ళు వేస్తే ఏమవుతుందో, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎందుకు ఎర్రబడుతుందో మన దుగ్గిరాల పసుపుతో మన టీచర్లే కలిపి చూసుకోవాలి. చేయి తడవని టీచరు పిల్లల చేయి తడవనివ్వరు. ఇదేం కొత్త సంగతి కాదు. మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో 1972లో పదహారు మిడిల్ స్కూళ్ళతో మొదలైన సైన్సు కార్యక్రమంలో టీచర్లు నెలనెలా కూర్చుని మాట్లాడుకునేవారు. పరీక్షలో ప్రయోగం ఉండేది, పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు. ముప్ఫై ఏళ్ళు నడిచాక 2002లో ప్రభుత్వమే ఆపేసింది. మంచిది కూడా ఒక్క ఆర్డరుతో ఆగిపోతుందని అక్కణ్ణుంచి నేర్చుకోవాలేమో.

కొత్త ల్యాబులు అడగడం లేదు. పిల్లలు పరికరాలతో సొంతంగా చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచే, మా చిన్నబడులకి రావు, నిజం చెప్పాలంటే అక్కర్లేదు కూడా. దారం, బుడగలు, నిమ్మకాయలు, కొవ్వొత్తులు, పెసలు కొనడానికి నెలకి రెండు మూడొందలు నా చేతి డబ్బే పెట్టేదాన్ని. ఆ చిల్లర ఖర్చు స్కూలు గ్రాంటులోంచి రశీదు లేకుండా పెట్టుకోనిస్తే చాలు. రైతుబజారులో నిమ్మకాయలమ్మే అవ్వ బిల్లు ఇవ్వదండీ.

ఇక ఆ ఒక్కాయన. పేరు రాయను, ఆయనకిష్టం ఉండదు. ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని పిల్లలు బకెట్ చుట్టూ చేరి ఉన్నారు. బరువైంది మునుగుతుందని అందరూ పందెం కాసి, కొబ్బరికాయ తేలి, గుండుసూది మునిగేసరికి నోళ్ళు తెరిచారు. గదంతా నీళ్ళు. అప్పుడు జీపు ఆగింది. నాకు కాళ్ళాడలేదు. ఆయన లోపలికొచ్చి హాజరు పట్టీ అడగలేదు. ప్యాంటు మడుచుకుని కింద కూర్చున్నారు. కొండపల్లి బొమ్మ పట్టుకున్న ఒక చిన్నదాన్ని, "ఇది ఏమవుతుందంటావు?" అని అడిగారు. మునుగుతుందంది. "ఎందుకట్లా అనిపించింది?" అన్నారు. "బొమ్మకి ఈత రాదు కద సార్" అంది. ఆయన నవ్వలేదు. తెల్లపొణికి చెక్క చాలా తేలిక అని చెప్పేయలేదు కూడా. "అయితే వేసి చూద్దాం" అన్నారు. వేసింది. తేలింది. ఆ పిల్ల బొమ్మని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ వేసింది. ఆయన అలాగే కూర్చున్నారు, ఆ పిల్ల ఇంకేం అంటుందో అని. డ్రైవరు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి వెళ్ళాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
బ్రాడీపేట, గుంటూరు